ఎవరి కాగితం ఎవరి చేతికి

2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. అతను రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్ తెరిచి, ఎవరెవరివో భూముల దస్తావేజులు దించుకున్నాడు. ఆ కాగితాల మీద పార్టీలు వేసిన వేలిముద్రలున్నాయి, ఆధార్ నంబర్లూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు తయారుచేసే పద్ధతిలోనే ఆ ముద్రలకు అచ్చులు తీశాడు. అచ్చును ఈ-కేవైసీ యంత్రం మీద ఒత్తితే అది అసలు వేలే అనుకుంది. అలా వేల సిమ్‌లు యాక్టివేట్ అయ్యాయి. ఎవరి పేరు మీద తీశాడో వాళ్లకు కబురే లేదు.

వెబ్‌సైట్ అతన్ని ఏమీ అడగలేదు. నువ్వెవరు, ఈ దస్తావేజుతో నీకేం పని అన్న ప్రశ్నే రాలేదు.

ఇక రెండో దృశ్యం ఏ మండల కేంద్రంలోనైనా కనిపించేదే. తన కాగితం కోసమే వచ్చిన ఒక పెద్దాయన యంత్రం మీద వేలు పెడతాడు. ముద్ర పడదు. తువ్వాలు అంచుకు తుడిచి మళ్లీ పెడతాడు. ఇంకో వేలు పెట్టమంటారు. నలభై ఏళ్లు పార పట్టిన వేళ్లవి, గీతలు అరిగిపోయాయి. ‘ఓటీపీ చెప్పండి తాతా’ అంటుంది కౌంటర్‌లోని అమ్మాయి. ఓటీపీ హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌కు పోయింది. కొడుకు డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తడు. పెద్దాయన సంచీలో జిరాక్సులన్నీ ఉన్నాయి, ఆ పూటకు మాత్రం పని కాదు.

పరాయివాడికి తలుపు బార్లా తెరిచి ఉంది, సొంతదారుకు గడియ పడింది. అడగాల్సిన చోట అడగలేదు, అంతగా అడగనక్కర్లేని చోట మాత్రం ఆయన దగ్గర లేనిదే అడిగారు. ప్రభుత్వం దగ్గరున్న సొంత వివరాలను మనిషి అడిగినప్పుడు ‘ఇతనే అతను’ అని తేల్చుకోవడం ఎలా అన్నది గుమాస్తా స్థాయిలో తేలిపోయే చిన్న సంగతిగానే ఇన్నాళ్లూ నడిచింది. అది చిన్న సంగతి కాదు. సర్వీసు రిజిస్టరు, ఆసుపత్రి కేసు షీటు, పింఛను ఫైలు, జవాబు పత్రం ఎవరి చేతికి చేరతాయన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

ఏ కాగితం ఎవరికివ్వాలన్న వివేకం పాత చట్టాలకు ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చదివితే ఆశ్చర్యం వేస్తుంది. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. భూమి కొనేవాడు దాని చరిత్ర తెలుసుకోవాలి కాబట్టి అది అందరిదీ. వీలునామాలుండే మూడో పుస్తకం సంగతి వేరు. రాసిన మనిషి బతికున్నంత కాలం ఆ మనిషికీ ఆయన ఏజెంటుకూ తప్ప నకలు ఇవ్వరు, పోయాక ఎవరడిగినా ఇస్తారు. ఇతర దస్తావేజులుండే నాలుగో పుస్తకం నకలు, రాసినవాళ్లకూ వాటి కింద హక్కు ఉన్నవాళ్లకూ మాత్రమే. ఒకే ఆఫీసు, ఒకే బీరువా, అయినా ఒక్కో పుస్తకానికి ఒక్కో కాపలా. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టమూ ఇదే దారి పట్టింది. రిజిస్టరులోంచి ఎవరైనా నకలు తీసుకోవచ్చు గానీ, మరణానికి కారణం ఏమిటన్నది మాత్రం ఆ నకల్లో కనిపించకూడదు.

1908లో నకలు కావాలంటే మనిషి ఆఫీసుకు వెళ్లాలి, గుమాస్తా కళ్ల ముందు నిలబడాలి. వేలిముద్ర అప్పటికి ఒక గుర్తు మాత్రమే, ఏ తాళానికీ చెవి కాలేదు. ఒకటో పుస్తకాన్ని యథాతథంగా ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు ఈ రెండూ మారిపోయాయని ఎవరూ ఆగి ఆలోచించలేదు. ధర్మారంలో జరిగింది దాని ఫలితమే. అలాంటిది మరొకటి కూడా అదే ఏడాది బయటపడింది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు కులం, మతం వివరాలతో సహా కనిపిస్తున్నాయని హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి చెప్పాకే వాటిని తీసేశారు.

సమాచార హక్కు చట్టం వచ్చాక ప్రశ్న కొత్త రూపం తీసుకుంది. 2005 చట్టం 6(2) సెక్షన్ దరఖాస్తుదారుకు గొప్ప రక్షణ ఇచ్చింది: సమాచారం ఎందుకో చెప్పనక్కర్లేదు, సంప్రదించడానికి కావాల్సినవి తప్ప వ్యక్తిగత వివరాలేవీ ఇవ్వనక్కర్లేదు. 2013 నవంబరులో కలకత్తా హైకోర్టు ఇంకో అడుగు వేసి, పోస్టు బాక్సు నంబరు ఇస్తే చాలు, ఇంటి చిరునామా కోసం పట్టుబట్టవద్దని చెప్పింది. దరఖాస్తు పెట్టినందుకు దెబ్బలు తిన్న, ప్రాణాలు పోగొట్టుకున్న కార్యకర్తలున్న దేశంలో అది అవసరమైన తీర్పు. ఆ తీర్పును 2014 జనవరిలో కేంద్రం అన్ని శాఖలకూ పంపింది. ఒడిశా వంటి చోట్ల మాత్రం పౌరసత్వానికి రుజువు జతచేయాలన్న ఫారం నిబంధన ఏళ్ల తరబడి వివాదంగానే నడిచింది.

రోడ్డు కాంట్రాక్టు వివరాలు అడిగేవాడి గుర్తింపు ఎవరికీ అక్కర్లేదు, నిజమే. తన సొంత రికార్డు అడిగేవాడి సంగతి? చట్టం దాని గురించి విడిగా ఒక్క మాట చెప్పలేదు. పరీక్షల విషయంలో ఆ ఖాళీని సుప్రీంకోర్టు పూరించింది. సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో 2011 ఆగస్టులో ఇచ్చిన తీర్పుతో, దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు రాసిన విద్యార్థికి దక్కింది. సివిల్స్ వంటి పరీక్షల విషయంలో 2018లో అదే కోర్టు కొంత వెనక్కి తగ్గింది, అది వేరే చర్చ. జవాబు పత్రం విషయంలో గుర్తింపు సమస్యే కాదు. హాల్‌టికెట్ నంబరు, దాని మీది ఫొటో, సంతకం బోర్డు దగ్గరే ఉన్నాయి. వాటితో సరిపోల్చుకుంటే పని అయిపోతుంది, ఇంకే కార్డూ అక్కర్లేదు.

మిగతా రికార్డుల విషయంలో అంత తేలిక కాదు. సమాచార అధికారికి భయం ఉంటుంది, అది న్యాయమైన భయమే. ఒక ఉద్యోగి సెలవుల వివరాలు కావాలని ఆ ఉద్యోగి పేరుతోనే దరఖాస్తు వస్తుంది. రాసింది ఆ ఉద్యోగేనా, విడాకుల కేసులో అవతలి పక్షమా? అధికారికి తెలియదు. చాలామంది సులువైన దారి పడతారు: 8(1)(జె) కింద వ్యక్తిగత సమాచారమని తిప్పికొడతారు. ఇదివరకు ఆ క్లాజులోనే ప్రజాప్రయోజనం అనే కిటికీ ఉండేది, పార్లమెంటుకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించరాదన్న మాట ఉండేది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెచ్చిన సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చాక అవి పోయాయి. ఇప్పుడక్కడ మిగిలింది వ్యక్తిగత సమాచారం అన్న మాటే. 8(2) కింద ప్రజాప్రయోజనాన్ని చూసే వీలు ఇంకా ఉంది. అయినా తన సమాచారం తానే అడిగేవాడికి మినహాయింపు అని ఆ క్లాజులో స్పష్టంగా రాసి లేదు. అంటే ‘ఇది నాదే’ అని నిలబెట్టుకోవడం మునుపటికంటే ముఖ్యమైంది, ఎలా నిలబెట్టుకోవాలో మాత్రం చెప్పినవాళ్లు లేరు. ఇది పెద్ద లోటు.

కొత్త డేటా చట్టమే ఆ దారి చూపిస్తుందని ఆశపడేవాళ్లు దాని 11వ సెక్షన్‌ను జాగ్రత్తగా చదవాలి. తన డేటా వివరాలు అడిగే హక్కు అందులో ఉంది గానీ, అది మనిషి సమ్మతితో తీసుకున్న డేటాకు ముడిపడి ఉంది. రేషన్, పింఛను, సబ్సిడీ వంటి పథకాల కోసం ప్రభుత్వం వాడే డేటాకు చట్టం వేరే దారి వేసింది. ఇక అడిగేవాడు ఏ గుర్తింపు వివరాలివ్వాలో సంస్థలే నిర్ణయించి ప్రకటించుకోవాలని నిబంధనలు చెబుతున్నాయి. గరిష్ఠంగా ఎంతవరకు అడగొచ్చో హద్దు గీసి ఉండాల్సింది.

అమెరికా ఈ ప్రశ్నను యాభై ఏళ్ల కిందటే చట్టంలో పెట్టుకుంది. 1974 డిసెంబరు 31న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన ప్రైవసీ చట్టం, ఫెడరల్ శాఖల దగ్గరున్న సొంత రికార్డును చూసే, తప్పుంటే దిద్దించుకునే హక్కు ఇచ్చింది. మోసంతో మరొకరి రికార్డు అడిగితే 5,000 డాలర్ల దాకా జరిమానా అని అందులోనే రాసింది. గుర్తింపుకు వాళ్లు ఎంచుకున్న సాధనం మనవాళ్లకు వింతగా అనిపిస్తుంది. పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పుట్టిన చోటు రాసి, ‘ఇది అబద్ధమైతే శిక్షకు సిద్ధం’ అన్న అర్థం వచ్చే వాక్యం కింద సంతకం పెడితే చాలు. నోటరీకి వెళ్లాల్సిన పని లేదు, 1976లో చేసిన చట్టం ఆ వాక్యానికి ప్రమాణపత్రంతో సమానమైన బలం ఇచ్చింది. మనిషి మాటను ముందు నమ్మి, అబద్ధమాడితే శిక్షించే పద్ధతి అది. మన దగ్గర ముందు నమ్మరు, తర్వాత శిక్షించరు.

అక్కడి తెలుగువాళ్లకు ఈ దారి బాగా తెలుసు. ఉద్యోగం మారిన హెచ్-1బీ ఇంజనీరుకు పాత కంపెనీ తన గ్రీన్‌కార్డు కోసం పెట్టిన ఐ-140 ఆమోదపత్రం నకలు ఇవ్వకపోతే, ఇమిగ్రేషన్ శాఖ దగ్గరున్న తన ఫైలునే అడుగుతాడు. ప్రైవసీ చట్టం అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే వర్తిస్తుంది కాబట్టి, అతను వెళ్లేది సమాచార స్వేచ్ఛ చట్టం దారిన. అందులో ఏ దేశస్థుడైనా అడగొచ్చు. గుర్తింపు మాత్రం అదే పద్ధతి: పేరు, పుట్టిన తేదీ, పుట్టిన చోటు, సంతకం. ఆ ఫైళ్ల కోసం జనం నెలల తరబడి ఎదురుచూస్తుంటే 2020 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు, పేరుకుపోయిన దరఖాస్తులన్నీ 60 రోజుల్లో తేల్చమని ఆదేశించింది. ఎఫ్‌బీఐ దగ్గర నేర చరిత్ర నకలు అడిగేవాళ్లు మాత్రం 18 డాలర్లతో పాటు వేలిముద్రలు పంపాలి. అందులో న్యాయం ఉంది, ఎందుకంటే అక్కడ రికార్డులు పేర్ల మీద కాదు, వేలిముద్రల మీదే నిలిచి ఉంటాయి. బీరువాకు ఏ తాళం వేశారో దాని చెవే అడుగుతున్నారు.

అదే దేశంలో తాళం తప్పుగా ఎంచుకున్న శాఖకు ఏమైందో చూడాలి. ఆదాయపు పన్ను శాఖ ఐఆర్ఎస్, పాత రిటర్నుల వివరాలు ఇంటి నుంచే చూసుకునే సౌకర్యం పెట్టింది. గుర్తింపు కోసం సోషల్ సెక్యూరిటీ నంబరు, పుట్టిన తేదీ, చిరునామా అడిగి, ఆపైన కొన్ని ప్రశ్నలు వేసేది: పాత ఇల్లు ఏ వీధిలో ఉండేది, ఫలానా అప్పు ఏ బ్యాంకులో తీసుకున్నారు, ఇలాంటివి. జవాబులు మనిషికి మాత్రమే తెలుస్తాయని వాళ్ల నమ్మకం. దొంగలు వేరేచోట్ల దోచిన వివరాలతో ఆ ప్రశ్నలన్నిటికీ తాపీగా జవాబులిచ్చారు. 2015 మేలో సుమారు లక్ష మంది ఖాతాలన్నారు, ఆగస్టుకల్లా అది 3 లక్షలు దాటింది, 2016 ఫిబ్రవరికి 7 లక్షలు దాటింది. చాలా చోట్ల దొంగలకే జవాబులు ఎక్కువ గుర్తుంటాయి, అసలు మనిషి పదేళ్ల కిందటి అప్పు ఏ బ్యాంకులోనో మర్చిపోతాడు.

2017లో అక్కడి ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ ఈ ప్రశ్నల పద్ధతిని సున్నితమైన సేవల నుంచి దాదాపుగా వెలివేసింది. రెండేళ్ల తర్వాత ప్రభుత్వ ఆడిట్ సంస్థ చూస్తే కొన్ని పెద్ద శాఖలు ఇంకా దాన్నే పట్టుకు వేలాడుతున్నాయి. ఐఆర్ఎస్ ఆ తర్వాత ముఖం గుర్తుపట్టే ప్రైవేటు సేవ వైపు మళ్లింది. తన పన్ను కాగితం చూసుకోవడానికి ప్రైవేటు కంపెనీకి ముఖం అప్పగించాలా అని జనం, కాంగ్రెస్ సభ్యులు నిలదీశారు. 2022 ఫిబ్రవరిలో ఆ పద్ధతి నుంచి తప్పుకుంటామని శాఖ ప్రకటించింది. ఒకసారి మరీ వదులుగా, ఇంకోసారి మరీ బిగువుగా. మధ్యలో ఎక్కడ ఆగాలన్నదే అసలు కష్టం.

యూరప్ ఆ మధ్య చోటును మాటల్లో పెట్టడానికి ప్రయత్నించింది. 2018లో అమల్లోకొచ్చిన డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం, అడిగింది అసలు మనిషేనా అన్న సహేతుకమైన అనుమానం ఉంటేనే అదనపు వివరాలు అడగాలి. మాట బాగుంది, ఆచరణ ఎలా ఉందో ఆక్స్‌ఫర్డ్ పరిశోధక విద్యార్థి జేమ్స్ పావర్ 2019లో చూపించాడు. కాబోయే భార్య అనుమతితోనే, ఆమె పేరు మీద వందకు పైగా సంస్థలకు ఆమె డేటా కావాలని ఉత్తరాలు రాశాడు. దాదాపు నాలుగో వంతు సంస్థలు సరైన తనిఖీ లేకుండానే ఇచ్చేశాయి. అదే ఏడాది జర్మనీలో ఒక టెలికాం కంపెనీకి 95.5 లక్షల యూరోల జరిమానా పడింది. ఫోన్ చేసి పేరు, పుట్టిన తేదీ చెబితే చాలు, దాని కాల్ సెంటర్ వివరాలు చెప్పేసేది. కోర్టు తర్వాత ఆ మొత్తాన్ని 9 లక్షలకు తగ్గించింది గానీ, తప్పు తప్పేనంది.

గుర్తింపు కార్డు నకలు పంపమని అడగడం మామూలుగా తగిన పద్ధతి కాదని యూరప్ డేటా రక్షణ మండలి 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. ఇది మన దగ్గర చదవాల్సిన వాక్యం. ఇక్కడ ఏ కౌంటర్‌కు వెళ్లినా మొదటి మాట ‘ఆధార్ జిరాక్స్ ఉందా’. జిరాక్స్ దేన్ని రుజువు చేస్తుంది? ఆ కార్డు నకలు ఈ మనిషి చేతిలో ఉందన్నంత వరకే. లాడ్జీలో, సిమ్ కొట్టులో, లోను ఏజెంటు దగ్గర పడి ఉన్న నకలు ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దని హెచ్చరిక జారీ చేసింది. రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంది, నెట్ లేకుండానే అసలుదో కాదో తేల్చే క్యూఆర్ కోడ్ ఉంది. కౌంటర్లలో వాటిని వాడే అలవాటు మాత్రం రాలేదు. ఆఫీసు ఫైళ్లలో గుట్టలుగా పడున్న జిరాక్సులు రేపటి దొంగతనానికి ముడిసరుకు.

తెలుగువాళ్లకు దీని మీద మరో తిప్పలు, పేర్లు. మన ఇంటిపేరు ముందొస్తుంది, సగం చోట్ల పొడి అక్షరంగా మిగులుతుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలోకి విస్తరిస్తుంది. రెండు గడుల్లో ఒకటి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరుండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ, అంటే ‘పేరు తెలియదు’ అని పడుతుంది. లక్ష్మి తెలుగులో ఒక్కతే, ఇంగ్లిష్‌లో ఎక్స్‌తో ఒకచోట, కేఎస్‌హెచ్‌తో మరోచోట. పెళ్లయితే ఇంటిపేరు మారొచ్చు, మారకపోవచ్చు. పుట్టిన తేదీ బడిలో హెడ్‌మాస్టరు రాసిందొకటి, ఆధార్‌లో జనవరి 1 ఇంకొకటి. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పినా, కౌంటర్‌లో కంప్యూటర్ మాత్రం రెండూ అక్షరం పొల్లుపోకుండా కలవాలంటుంది. కలవకపోతే స్టాంపు పేపరు మీద ‘ఈ ఇద్దరూ ఒకరే’ అన్న అఫిడవిట్, నోటరీ, ఒక రోజు కూలి. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి తానెవరో చెప్పుకోవడానికి డబ్బు కట్టాలి. పంచాయతీ కార్యదర్శో వీఆర్వోనో ఎదురుగా చూసి ‘ఈమే ఆమె’ అని సంతకం పెడితే సరిపోయే రికార్డులు ఎన్నో ఉన్నాయి. ఆ దారిని నిబంధనల్లోకి తేవడం అంత కష్టమేమీ కాదు.

కుటుంబం అడిగినప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. అడిగిన మనిషి ఎవరో తెలిసినంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదు. భర్త ఆధార్ వివరాలు భార్య అడిగిన కేసులో కర్ణాటక హైకోర్టు 2023లో, పెళ్లితో ఆయన గోప్యత హక్కు తరిగిపోదని చెప్పింది. ఆసుపత్రి రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళి 2002 నుంచీ చెబుతోంది, రోగికో ఆయన అధికారమిచ్చిన మనిషికో. ఐసీయూలో స్పృహ లేని మనిషి ఎవరికి అధికారమిస్తాడు? అక్కడ పెళ్లి ఫొటో, రేషన్ కార్డులో పేరు, మంచం పక్కనున్న నర్సు మాట, ఇవే రుజువులు. మంచి ఆసుపత్రులు వాటినే చూసి ఇస్తున్నాయి.

ఎస్టోనియాలో పౌరుడు తన డేటాను ఏ శాఖ ఎప్పుడు చూసిందో తానే తెరిచి చూసుకోగలడు. మన దగ్గరా దానికి దగ్గరిది ఒకటుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో గడిచిన ఆరు నెలల్లో తన వేలిముద్ర, ఓటీపీ ఎప్పుడెప్పుడు వాడారో ఎవరైనా చూసుకోవచ్చు. ధర్మారం దస్తావేజుల్లోని మనుషులు దాన్ని చూసి ఉంటే, తాము కొనని సిమ్‌ల కోసం తమ వేలు ఎన్నిసార్లు పడిందో తేదీలతో సహా బయటపడేది. దాన్ని తెరవాలంటే ఓటీపీ కావాలి. ఆధార్ తీయించుకున్న రోజు ఫోన్ లేక మనవడి నంబరో, పక్కింటివాళ్ల నంబరో, సెంటరు నడిపే కుర్రాడి నంబరో రాయించిన వాళ్లకు ఆ ఓటీపీ ఇవాళ్టికీ వేరే ఫోన్‌లోనే మోగుతోంది. నంబరు మార్పించుకుందామని ఆధార్ కేంద్రానికి వెళ్తే, మళ్లీ అదే యంత్రం మీద వేలు పెట్టమంటారు.